ఎవరిని తీసేయమంటారు?

స్నానాల గదిలో మగ్గు లేదు. తలంతా సబ్బు నురగ. కళ్ళు మూసుకుని బకెట్లో చెయ్యి పెట్టి తడిమితే నీళ్ళే తగిలాయి. ఇవాంజెలీన్ తలుపు ఓరగా తీసి కేకేసింది.

"తోన్యింగ్! మగ్గేదీ?"

"నా దగ్గరుంది. ఆర్కిడ్లకి నీళ్ళు పోస్తున్నా" అన్నాడు మొగుడు పెరట్లోంచి.

"వాన పడుతుంటే నీళ్ళు పోయడమేమిటి?"

"చూరు కింద ఉన్నవాటికి వాన తగలదు."

"వంటింట్లో అన్ని గిన్నెలుండగా నా మగ్గే దొరికిందా?"

"నీ మగ్గని దాని మీద పేరు రాసుందా ఏం? కాస్త ఆగు, ఇంకో రెండు కుండీలే."

ఆగింది. ఆగక ఏం చేస్తుంది? ఫిలిప్పీన్స్‌లోని ఆ ఇలోయిలో ఊళ్ళో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లోకే ఊడిపడ్డారు. ఆస్పత్రి వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే నర్సులు గోడకి అంటుకుపోతారు. ఇంట్లో మాత్రం నురగ కళ్ళలోకి కారుతుండగా, బ్యాంకులో రిటైరైన మనిషి రెండు కుండీలు తడిపేదాకా నిలబడాలి. చివరికి మగ్గు అందిస్తూ, "ఇవాళ నీకు ఇంటర్వ్యూలున్నాయని మమ్మల్ని కూడా కుర్చీలో కూచోబెట్టకు" అన్నాడు.

ఆ మాట కారులో పక్కనే కూచుని వచ్చింది, మెట్లెక్కింది, ఇప్పుడీ చల్లటి గదిలో పొడుగు బల్ల వెనక ఆవిడ భుజం మీద చెయ్యేసి నిలబడింది. కుర్చీలో కూచోబెట్టడం. నిజమే, ఆవిడ పని అదే కదా. కాన్పుల విభాగానికి పెద్ద, ఏటా నవంబరులో కొత్త డాక్టర్లని శిక్షణకి ఎంచే కమిటీకి పెద్ద. కమిటీ అంటే ఎవరు? ఆవిడ, ఆ పక్కన ఆవిడ ఈడు డాక్టరు బెర్నాల్. బెర్నాల్ ముందు పళ్ళెం, పళ్ళెంలో పన్సిత్ నూడుల్స్, కొబ్బరి రొట్టెలు, అరిటాకులో వేడివేడి బియ్యపు కేకు, అన్నీ బయట వరండాలో కూచున్న ఆ నలుగురు తెచ్చినవే. తెమ్మని ఎవరూ అడగరు, తేకుండా ఎవరూ రారు. నెల రోజులు వీళ్ళు జీతం లేకుండా వార్డులో పనిచేశారు. రక్తం సీసాలు మోశారు, సీనియర్లకి కాఫీలు తెచ్చారు, నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నారు, దానికి పెద్దలు పెట్టిన పేరు ప్రీ-రెసిడెన్సీ. నెల రోజులు కళ్ళెదుట తిరిగినవాళ్ళని చివరి రోజున ఒక్కొక్కళ్ళనే లోపలికి పిలిచి, ఎప్పుడూ చూడనట్టు మొహం పెట్టి "మీ గురించి చెప్పండి" అనడం. పెళ్ళై పదేళ్ళైనవాడు పెళ్ళాన్ని మళ్ళీ పెళ్ళిచూపులకి కూచోబెట్టినట్టు. ఆ చూపుల్లో కూడా పన్సిత్ తినేవాడొకడు.

"ఇది ఎవరు తెచ్చారో గానీ రొయ్యలు బాగా వేశారు. వాళ్ళకి రెండు మార్కులు ఎక్కువ వెయ్యి, వాంజీ" అన్నాడు బెర్నాల్. హాస్యం అనుకున్నాడు పాపం. వేసిన ఏళ్ళు కూడా ఉన్నాయి.

మొదట లీజెల్ వచ్చింది. చదువులో మొదటిది, మాటలో ఇంకా మొదటిది. సేవ, త్యాగం, అమ్మ కన్నీళ్ళు, అన్నీ వరసగా బల్ల మీద పరిచింది, శనివారం సంతలో చేపలు పరిచినట్టు, తలలన్నీ ఒకవైపు, తోకలన్నీ ఒకవైపు. ఇవాంజెలీన్ తలూపుతూ ఉంది గానీ కళ్ళు ఆ పిల్ల మెడ మీదున్నాయి, అక్కడ చిన్న ఎర్రటి దద్దురు పాకుతోంది, భయపడితే వస్తుంది అది, నెల రోజుల్లో ఎన్నిసార్లు చూసింది. దద్దురు నిజం చెబుతుంటే నోరు మాట్లాడుతోంది, మార్కులు నోటికే. పిల్లలెప్పుడు కంటావు అని బెర్నాల్ అడిగాడు, నమిలేది ఆపకుండా. నాలుగేళ్ళ దాకా ఆలోచనే లేదు డాక్, అంది లీజెల్, బొమ్మలోంచి పాట వచ్చినట్టు. అందరూ ఇలాగే అంటారు. ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే గదిలో, ఇంత చల్లగా ఉండేది కాదు అప్పుడు, నెత్తి మీద ఫ్యాను గడగడలాడుతుండేది, ఇవాంజెలీన్ కూడా ఇలాగే అంది. అదే రోజు ఇంటర్వ్యూకి వచ్చిన బెర్నాల్‌ని అప్పటి పెద్దలు అడిగింది వేరే ప్రశ్న: మీ నాన్నగారి కోడిపుంజులు ఈసారి గెలిచాయా అని. గెలిచాయి డాక్ అన్నాడు. ఇద్దరికీ సీట్లొచ్చాయి. ఆ రెండు జవాబుల్లో ఒకటి అబద్ధం, రెండోది కోడి. దాంతోనే ఈ విభాగం ఇంత కాలం నడిచింది.

ఇక ఆఖరి ప్రశ్న. అది ఇవాంజెలీన్ సొంతం. ఆవిడ హెడ్ అయిన కొత్తలో కనిపెట్టింది. సెబూ నగరంలో డాక్టర్ల సభ పెట్టి ఆవిడ చేత దాని మీద ఉపన్యాసం కూడా ఇప్పించారు, తరవాత మంచి భోజనం పెట్టారు, వేరే ఆస్పత్రుల వాళ్ళు ఎత్తుకుపోయి వాడుకున్నారు. "ఈ నెలంతా కలిసి పనిచేశారు. మీలో ఒకర్ని తీసేయాల్సి వస్తే, ఎవరిని తీసేయమంటారు?" నిజాయితీ బయటపడుతుందని, ధైర్యం బయటపడుతుందని, తోటివాళ్ళని తూచే చూపు ఎంతుందో బయటపడుతుందని సెబూలో చెప్పింది. అందరూ ఒకే పేరు చెబితే ఆ మనిషి ఇంటికే. అదీ ఆవిడ పెట్టిన నియమమే. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇంటికి పోయారు. చాలాసార్లు మాట తడబడేవాళ్ళు, చొక్కా కాలరు అరిగినవాళ్ళు, దీవుల నుంచి పడవలో వచ్చి ఇక్కడి యాస రానివాళ్ళు. పనిలో వాళ్ళెలా ఉన్నారో ఆవిడ చూసే ఉండాలి. ఇప్పుడు గుర్తు తెచ్చుకోబోతే వాళ్ళ చేతులు గుర్తు రావడం లేదు, తలుపు వేసుకుంటూ వెళ్ళిన వీపులే వస్తున్నాయి.

లీజెల్ మెడ మీద దద్దురు చెవి దాకా పాకింది. "ఎన్రికో, డాక్" అంది.

"ఎందుకు?"

"ఆపరేషన్ గదిలో పాటలు పాడతాడు."

ఇవాంజెలీన్ లోపల ఏదో చిన్నగా లేచి కూచుంది. ఎన్రికో! ఆస్పత్రి డైరెక్టరుగారి మేనల్లుడు. మొదటి రోజు వార్డులోకి రాగానే అత్తరు వాసన వచ్చింది, తరవాత బూట్లు కనిపించాయి, ఆ తరవాతే మనిషి. అంతకు ముందు రోజే డైరెక్టరు ఫోను చేసి, మా వాడు నీ దగ్గరికి వస్తున్నాడు, కాస్త గట్టిగానే పెట్టు, అన్నాడు. గట్టిగా పెట్టు అంటే సీటు పెట్టి ఉంచు అని. ఉన్నవి రెండు సీట్లు. ఒకటి అప్పుడే వెళ్ళిపోయింది. మిగిలిన ఒక్క దానికి ముగ్గురు నెల రోజులు నడుము విరగ్గొట్టుకున్నారు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, వాళ్ళకి తెలుసని ఈవిడకీ తెలుసు, అయినా ఈ పళ్ళాలూ ఈ తలూపడాలూ.

తరవాత ఆర్విన్. మెత్తని పిల్లాడు, చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు ఈ చలిలో. వాణ్ణి పిల్లల సంగతి ఎవరూ అడగలేదు. బాస్కెట్‌బాల్ ఆడతావా అని అడిగాడు బెర్నాల్. ఆడతాడట. డాక్టర్ల జట్టుకి పొడుగువాళ్ళు తక్కువయ్యారట. రెండు నిమిషాలు బంతి గురించి నడిచింది, కడుపు కోసి బిడ్డని తీసే పనికి మనిషిని ఎంచుతున్నామన్న సంగతి గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. బయట వాన పెద్దదైంది. ఇవాంజెలీన్‌కి మోకాలు పీకుతోంది. ఆఖరి ప్రశ్న.

"ఎన్రికో, డాక్. ఆలస్యంగా వస్తాడు."

ఇద్దరు. ఇంక మూడో మనిషి కూడా అదే మాటంటే చాలు. డైరెక్టరు బల్ల మీద ఈ మార్కుల కాగితాలు పెట్టి, మీ మేనల్లుడు తోటివాళ్ళకే పనికిరాలేదండీ, నియమం నియమమే కదా, అనొచ్చు. ఎంత హాయిగా ఉంటుందో. ఈ సిఫారసుల ఆస్పత్రిలో ఇన్నేళ్ళకి ఒక్కసారి. తన ప్రశ్న మీద తనకే గర్వం పొంగింది, చూశావా సెబూలో చెప్పిందే, నిజం బయటికి తీసుకొస్తుంది అని, ఆ పొంగులో పన్సిత్ కూడా కాస్త నోట్లో వేసుకుంది.

మెరబెల్ వచ్చింది. తలుపు దగ్గర్నించి కుర్చీ దాకా ఆ నడక చూసింది ఇవాంజెలీన్. కూచునేటప్పుడు చెయ్యి ముందు కుర్చీ అంచు మీద ఆనింది, నడుము కొంచెం వెనక్కి వెళ్ళింది, తరవాత మనిషి దిగింది. కోటు ఒక సైజు పెద్దది. ఐదో నెల. అటూ ఇటూ ఒక వారం. అరే, నెల రోజులు ఎలా చూడలేదు తను? చూసి కూడా చూడలేదా? ఈ పిల్ల చేతులు మాత్రం చూసింది. ఒకనాడు బిడ్డ భుజం ఇరుక్కుని గదిలో అందరూ ఒకేసారి అరుస్తుంటే, ఈ పిల్ల ఎవరి మాటా విననట్టు తల్లి మోకాళ్ళు ఒత్తిపట్టి, చెయ్యి ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టి, తాళం తీసినంత నెమ్మదిగా బిడ్డని తిప్పింది. తరవాత గోడ వైపు తిరిగి వాంతి చేసుకుంది. అలసట అనుకుంది ఇవాంజెలీన్. కాన్పుల డాక్టరు. హెడ్డు. అలసట అనుకుంది!

"పెళ్ళయిందా?" బెర్నాల్ కాగితం చూడకుండా అడిగాడు, కేకు మీద అరిటాకు పొర ఒలుస్తూ.

"అయింది, డాక్. ఆయన ఓడలో పనిచేస్తాడు."

"మరి పిల్లల ఆలోచన?"

"ఇప్పట్లో లేదు, డాక్."

గదిలో ఇద్దరు కాన్పుల డాక్టర్లు. వాళ్ళ ఎదురుగా ఐదు నెలల కడుపు. ఇప్పట్లో లేదు. బెర్నాల్ తృప్తిగా తలూపి ఆకు పక్కన పెట్టాడు. ఇవాంజెలీన్‌కి నవ్వు గొంతు దాకా వచ్చింది, అది మళ్ళీ కిందికి దిగేటప్పుడు నవ్వులా లేదు. ఇంత పెద్ద అబద్ధం ఇంత ఎదురుగా, ఇంత మర్యాదగా. అడిగినవాడికి జవాబు అక్కర్లేదు, చెప్పినదానికి వేరే దారి లేదు, విన్నదానికి నోరు లేదు. తను కూడా కోటు ఒక సైజు పెద్దదే తొడిగింది. ఏడో నెల దాకా. శిక్షణలో రెండో ఏడు, కాన్పైన వారానికి బిడ్డని అత్తగారికి వదిలేసి తిరిగి డ్యూటీకి వచ్చింది, పాలు గడ్డకట్టి జ్వరంతో, సీనియర్ల బాత్రూంలో తలుపేసుకుని పిండి పారబోసింది. ఆ తరవాత ఇన్నేళ్ళూ ఆ వారాన్ని మెడల్ లాగా తగిలించుకుని తిరిగింది. సెలవు అడిగిన ప్రతి పిల్లకీ చూపించింది. నేను చేయలేదా? నేను రాలేదా వారానికి? ఆ పిల్లలు తలొంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మెడల్ కాదది. ఎవరో కొట్టిన దెబ్బకి మానిన మచ్చ, దాన్ని అందరికీ పెడదామని తిరిగింది.

"మీలో ఎవరిని తీసేయమంటారు?" అంది.

మెరబెల్ వేళ్ళు చూసుకుంది. ఈ పిల్లకి వచ్చింది ఒకే ఒక్క అబద్ధం, అది ఇందాకే అయిపోయింది. "ఎన్రికో, డాక్."

"ఎందుకు?"

మెరబెల్ కోటు ముందుకి లాక్కుంది. "వేగంగా నడుస్తాడు."

"వేగంగా నడిస్తే తప్పేమిటి?"

"మా... మాకు అందడు, డాక్."

బెర్నాల్ పకపకా నవ్వాడు. ఇవాంజెలీన్ నవ్వలేదు. పాటలు పాడతాడు, ఆలస్యంగా వస్తాడు, వేగంగా నడుస్తాడు. ఇవేం నేరాలు? మనిషిని నిజంగా తీసేయాలనుకున్నవాళ్ళు చెప్పే నేరాలేనా ఇవి? పాత ఏళ్ళలో విన్నవి వేరు, అవి పదునుగా ఉండేవి, ఎక్కడ దిగాలో అక్కడ దిగేవి. ఇవి ఎవరో నిద్ర కళ్ళతో కూచుని పంచుకున్నవిలా ఉన్నాయి, నువ్విది చెప్పు, నేనది చెబుతాను అని.

ఎన్రికో వచ్చాడు. అత్తరు లేదు, నెల రోజుల్లో ఎప్పుడో ఆగిపోయినట్టుంది, ఇవాళే గమనించింది. బూట్లు అవే, తోలు చిట్లి వాటి మీద అయొడిన్ మరకలు. బెర్నాల్ లేచి చేతులు తుడుచుకున్నాడు, డైరెక్టరుగారి మేనల్లుడు కదా. "మీ మామయ్య మోకాలు ఎలా ఉంది?" అదీ ప్రశ్న. బాగుందట. ఇంటర్వ్యూ అయిపోయింది అతనికి. "ఇంకా ఏదైనా అడుగుతావా, వాంజీ?"

"అడుగుతాను. మీలో ఎవరిని తీసేయమంటారు?"

"నన్నే, డాక్" అన్నాడు ఎన్రికో.

"నిన్నెందుకు?"

"పాటలు పాడతాను, ఆలస్యంగా వస్తాను..." తల గోక్కున్నాడు. "మూడోది మర్చిపోయాను, డాక్. మెరబెల్ ఏం చెప్పింది?"

"వేగంగా నడుస్తావట."

"అయ్యో! అది కాదు తను చెప్పాల్సింది. తనకి అబద్ధం నేర్పడం నా వల్ల కాలేదు." నవ్వి, అంతలోనే నవ్వు దించేసుకున్నాడు. "ఈ ప్రశ్న ఏటా ఉంటుందని అందరికీ తెలుసు, డాక్. నెల రోజులు ఒకే గదిలో ఒకళ్ళ కాళ్ళ దగ్గర ఒకళ్ళం పడుకున్నాం. ఎవరు ఎవరి పేరు చెబుతారోనని అన్నం తినేటప్పుడు కూడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేకపోతున్నారు. నేనే చెప్పాను. అందరూ నా పేరే చెప్పండ్రా, మామయ్య ఉండగా నన్నెవరు తీస్తారు, మీకు గండం గడుస్తుంది అని."

బెర్నాల్ బల్ల గుద్ది మరీ నవ్వాడు. "చూశావా వాంజీ! నీ సెబూ ప్రశ్న!"

"నిజంగానే తీసేస్తే?" అంది ఇవాంజెలీన్.

అతను ఆలోచించాడు. "ఇంటికెళ్ళి పడుకుంటాను, డాక్. పడుకుని నెలైంది." తలుపు దగ్గర ఆగాడు. "ఒక్క మాట. మిగిలిన సీటు... భుజం ఇరుక్కున్న రోజున మీరూ ఉన్నారు కదా." అంతే, వెళ్ళిపోయాడు, నిజంగానే వేగంగా నడుస్తున్నాడు.

వాడి అత్తరుని అసహ్యించుకుంది తను, వాడి బూట్లని, వాడి మామని. అసహ్యించుకోవడం చూడటంలాగే ఉంటుంది, అదే మోసం, కళ్ళు తెరుచుకున్నట్టే అనిపిస్తుంది. పైనున్న ఇద్దరు పెద్దలకి తట్టనిది ఆ కుర్రాడికి తట్టింది. ఒకర్నొకరు పొడుచుకోమని కత్తి చేతికిస్తే, అది వాడు తన కడుపు వైపు తిప్పి పెట్టుకున్నాడు, అక్కడ దిగదని తెలుసు గనక. దిగదని తెలియడంలో గొప్పేం లేదు. కానీ అలా దిగని కడుపున్న వాళ్ళెందరు ఈ గదిలోంచి వెళ్ళలేదు ఇన్నేళ్ళలో? ఒక్కడికీ ఆ ఆలోచన రాలేదు. తనకి మాత్రం వచ్చిందా? డైరెక్టరుని కొట్టడానికి కర్ర దొరికిందని పన్సిత్ తింది.

"సరే, ఎన్రికో, లీజెల్. రాసెయ్యి" అన్నాడు బెర్నాల్. "ఆకలేస్తోంది."

"ఇప్పటిదాకా తిన్నావు."

"అది టిఫిను."

"లీజెల్ కాదు. మెరబెల్."

"మొగుడు ఓడలో ఉన్నవాళ్ళతో కష్టం. సెలవుకి వచ్చాడంటే..."

"ఇప్పటికే వచ్చి వెళ్ళాడు. ఐదో నెల."

బెర్నాల్ నోరు తెరిచాడు. "నాకు కనిపించలేదే! కోటు వదులుగా ఉంది."

"నాకు మాత్రం కనిపించిందా? చెరో ముప్ఫై ఏళ్ళ అనుభవం మనకి."

"అయితే ఇంక మాట్లాడేదేముంది? అబద్ధం చెప్పింది. చెప్పకపోయినా అంతే. మార్చిలో కంటుంది. ఆ డ్యూటీలు ఎవరు చేస్తారు?"

ఎవరు చేస్తారు. ప్రార్థన చివర ఆమెన్ లాగా ఏటా ఆ మాట దగ్గర అందరూ లేచి నిలబడతారు, కుర్చీలు వెనక్కి జరుపుతారు, భోజనానికి వెళతారు. అది ప్రశ్నలాగే ఉంటుంది. జవాబు చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు, చెప్పొచ్చని అనుకున్నవాళ్ళూ లేరు. వాంతి చేసుకుని మూతి తుడుచుకుని మళ్ళీ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డ పిల్ల కన్నా, అడిగినదానికల్లా అవునన్న పిల్ల నయమని తేల్చే పని ఆ మూడు ముక్కలే చేసేస్తాయి, పెద్దల చేతికి మట్టి అంటదు.

"చేసే మనిషి ఉంది" అంది ఇవాంజెలీన్, రెండు పేర్లూ రాస్తూ. "ముందు సంతకం పెట్టు."

"ఎవరు?"

"సోమవారం చెబుతాను. ఇంట్లో చెప్పాలి ముందు. ఇంకోటి, వచ్చే ఏటి నుంచి నా ప్రశ్న ఉండదు. నీ ప్రశ్న కూడా."

"నాదేం ప్రశ్న?"

నిజంగానే తెలియదు వాడికి. బల్ల మీద కలం జరిపింది. బెర్నాల్ దాని వైపు చూశాడు, ఖాళీ పళ్ళెం వైపు చూశాడు, ఆవిడతో పోట్లాడటం కన్నా సంతకం తక్కువ పని అనిపించినట్టుంది, పెట్టేశాడు.

రాత్రి భోజనం బల్ల మీద కందులూ పనసకాయా వేసి వండిన పంది మాంసం పులుసు పొగలు కక్కుతోంది. అత్తగారు తన గిన్నెలో పనస ముక్కల్ని ఒక పక్కకి, మాంసాన్ని ఒక పక్కకి వేరు చేసుకుంటోంది. తోన్యింగ్ అన్నం వడ్డించుకుంటున్నాడు.

"మార్చి నుంచి మూడు నెలలు రాత్రి డ్యూటీలు చేస్తున్నాను" అంది ఇవాంజెలీన్. "కొత్తగా చేరినవాళ్ళు చేసేవి. మూడు రోజులకొకటి."

తోన్యింగ్ గరిటె పక్కన పెట్టాడు. "అరవైకి దగ్గరపడ్డావు. పిల్ల డాక్టర్లు చేసే పని నీకెందుకు? హెడ్డువి కదా?"

"హెడ్డు చేయకూడదని ఎక్కడా లేదు."

"నీ మోకాళ్ళు?"

"అవీ నాతోనే వస్తాయి."

"వాంజీ, పరాచికాలు కాదు. డైరెక్టరు ఒప్పుకుంటాడా?"

"వాళ్ళ వాడికి సీటిచ్చాను. ఈ మూడు నెలలూ అతను మాట్లాడడు. తరవాత మాట్లాడితే అప్పుడు చూద్దాం."

అత్తగారికి చెవులు సరిగ్గా వినపడవు, కావాల్సినవి మాత్రం వినపడతాయి. పనస ముక్క పక్కన పెట్టి, "ఎవరి బదులు?" అంది.

"ఒక పిల్ల, అత్తయ్యా. మార్చిలో కంటుంది."

"కని ఎన్నాళ్ళకి వస్తుంది మళ్ళీ?"

"మూడు నెలలకి."

ముసలావిడ కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది, ఏదో పాత లెక్క అక్కడ వెతుకుతున్నట్టు.

"అయితే ఆ బిడ్డ తల్లిని గుర్తుపడుతుంది" అంది, పులుసు గిన్నె కోడలి వైపు జరుపుతూ. "తిను. చిక్కిపోతావు."